ఒకటిన్నర క్వింటాలు

ఒకే వేగంతో తిన్నగా పోతున్న కారు మీద ఫలిత బలం సున్నా అని డిగ్రీలో చదువుకున్నాను. ఇంజిన్ ఎంత బలంతో ముందుకు తోస్తుందో, గాలీ రోడ్డూ కలిసి అంత బలంతో వెనక్కి లాగుతాయి. అప్పట్లో ఆ సున్నా నాకు మార్కులు తెచ్చిన లెక్క, అంతే. పాప పుట్టాక మాత్రం ఆ సున్నా చెదిరిపోయే క్షణం గురించే నా భయమంతా.

మేముండేది జహీరాబాద్‌లో. న్యాల్‌కల్‌లోని ఆడబిడ్డ ఇంటికి పాపను మొదటిసారి తీసుకుపోయే రోజు, కారు వెనకవైపు పిల్లల సీటు బిగించాను. అత్తమ్మ దాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"పోరిని చెరుకు లోడు లెక్క కడ్తవా? నా ఒళ్లె కూసుంటది. నీ మొగడు గిట్లనే పెరిగిండు."

"అప్పుడు మీరు పోయింది ఎడ్లబండిల గద అత్తమ్మా."

"అయితే? కారుకేమన్న కొమ్ములున్నయా?"

మా ఆయన నవ్వబోయి, నా మొహం చూసి తాళంచెవులు వెతకసాగాడు.

నేను లెక్క చెప్పాను. పాప పది కిలోలు. కారు గంటకు యాభై నాలుగు కిలోమీటర్ల వేగంతో పోతూ దేన్నో గుద్దుకుని సెకనులో పదోవంతులో ఆగిపోతే, పాపను ఆపడానికి పదిహేను వందల న్యూటన్ల బలం కావాలి. అత్తమ్మ అల్లం పండించే ఇంటి మనిషి. అందుకే న్యూటన్లను క్వింటాళ్లలోకి మార్చాను.

"ఒకటిన్నర క్వింటాలు పట్టి ఆపినట్టే. మీ చేతులకు ఆగదు అత్తమ్మా."

"గీ పిట్టంత పోరి ఒకటిన్నర క్వింటాలా? మంచిగ సదివినవ్ పో!"

పాపను సీట్లోనే కట్టాను. అత్తమ్మ పక్కన కూర్చుని, కూతురికని తెచ్చిన అల్లం సంచిని ఒళ్లో పెట్టుకుంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని, మొహం తిప్పుకుని కిటికీలోంచి చూడసాగింది. నేను ముందు సీట్లోంచి పదేపదే వెనక్కి తిరిగి చూస్తున్నాను.

ఊరు దాటిన కొంతసేపటికి, పక్క దారిలోంచి చెరుకు ట్రాక్టర్ ఒక్కసారిగా రోడ్డెక్కింది. మా ఆయన గట్టిగా బ్రేకు తొక్కాడు. కారు దేనికీ తగలకుండానే ఆగింది. అత్తమ్మ ముందు సీటుకు చెయ్యి అడ్డం పెట్టి నిలదొక్కుకుంది. సంచి మాత్రం ఆమె ఒళ్లోంచి ఎగిరి కింద పడింది. కారంతా అల్లం. పాప బెల్టులో అలాగే ఉంది, దొర్లుతున్న కొమ్ములను వింతగా చూస్తూ.

అత్తమ్మ వంగింది, అల్లం కోసం కాదు, పాప బెల్టు కోసం. లాగి చూసింది.

"జర గట్టిగున్నదా సూడు బిడ్డా."

"ఉన్నది అత్తమ్మా."

"మల్ల నాదెంతయితది?"

ఆ లెక్క నేను చెయ్యనే లేదు. ఆమె అరవై కిలోలుంటుంది. "గుద్దుకుంటె తొమ్మిది క్వింటాళ్లు."

"ఓయమ్మ! నన్ను ట్రాలీల ఏసుకపోండ్రి ఇగ."

నేను దిగి వెనక తలుపు తీశాను. చీర కుచ్చిళ్లు సర్ది, బెల్టు ఆమె నడుం మీదుగా తెచ్చి పెట్టాను. బిడియంగా నవ్వుతూ కదలకుండా పెట్టించుకుంది, పౌడరు రాసేటప్పుడు పాప కూర్చున్నట్టు.

న్యాల్‌కల్‌లో కారు పూర్తిగా ఆగి ఇంజిన్ చప్పుడు పోయేదాకా అత్తమ్మ అలాగే కూర్చుంది. తర్వాత రెండు చేతులూ చాచింది.

"ఇప్పుడన్న ఇస్తవా?"

బెల్టు విప్పి పాపను ఆమె ఒళ్లో పెట్టాను.