కొనే ముందు తిట్టాలి

ఏ బట్ట చేతికిచ్చినా టైలరక్క ముందు దాన్ని తిరగేస్తుంది. లోపలి కుట్టు మీద బొటనవేలు నడిపిస్తుంది. ఆ తర్వాతే మాట్లాడుతుంది.

ఆమె షాపు ఒకే గది. ఒక మిషను, ఒక కత్తిరింపు బల్ల, కూర్చుంటే కిర్రుమనే బెంచీ. గోడకి మేకు కొట్టాలన్నా ఓనరుని అడగాలి. ఆ గదిని అమ్మేస్తానని ఓనరు చెప్పినప్పుడు ఆమె కత్తెర ఆపలేదు.

"ఎప్పుడు?" అంది.

"తొందరేం లేదమ్మా. మా అమ్మాయి చదువయ్యేదాకా ఆగుతా. ముందు నిన్నే అడుగుతా. ధర మాత్రం ధరే."

ఆమె దాచుకున్నది ఆ ధరలో సగానికి కూడా రాదు. బ్యాంకులో ఆ డబ్బు హాయిగా నిద్రపోతోంది. గది చేజారితే మళ్ళీ పరాయి వరండాలో మిషను పెట్టుకోవాలి.

షేర్ల సంగతి ఫోన్లమ్మే తమ్ముడు చెప్పాడు. ఆమె మొదట దారం కంపెనీ షేరు కొంది. ఆ దారం తెగదు, అందుకని. కొన్నాక ధర జారింది, జారినచోటే కూర్చుంది. దారంలో లోపం లేదు. మంచిదని అందరికీ తెలుసు కాబట్టి అందరూ ఎగబడి పెంచిన ధరకి ఆమె కొంది. గుడ్డ బాగుందని మురిసి కొలత మరిచిపోయింది.

ఆ దెబ్బ తర్వాత షాపులో ఒక ఆచారం పెట్టింది. ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు వస్తాడు. ఎవరు ఏది కొందామన్నా ముందు వాళ్ళే దాని లోపాలెంచి తిట్టాలి.

"బ్యాటరీల కంపెనీ అక్కా, రాకెట్టులా పోతోంది."

"తిట్టు."

"దాన్నా? అది బంగారం!"

"తిట్టడం రాలేదంటే నీకది తెలియదన్నమాట. లేదా మనసు పడ్డావు. ఏదైనా మునిగేది మనమే."

"నా పెళ్ళిచూపుల్లో కూడా ఇంత విచారణ లేదక్కా."

"ఉండుంటే నీకిప్పటికీ పెళ్ళయ్యుండేది కాదు."

ఒక ఏడాది జిప్పుల కంపెనీ తన పెద్ద కొనుగోలుదారుని పోగొట్టుకుంది. షేరు కుప్పకూలింది. టైలరక్క దాన్ని తిట్టడానికి కూర్చుంది. ఇది ఎలా చస్తుంది? అప్పుల వల్లా? తమ్ముడు కంపెనీ లెక్కలు చదివి, అప్పు లేనట్టే అన్నాడు. పోటీవాళ్ళ చవక జిప్పుల వల్లా? అవి ఊడిపోయి ఆమె బల్ల మీదికే వస్తున్నాయి. కానీ తన బల్లే లోకం కాదు. సంచులు కుట్టే ఆయన్నీ బూట్లు బాగుచేసే ఆయన్నీ అడిగింది. వాళ్ళూ ఆ కంపెనీ జిప్పే వేస్తున్నారు. ఉన్న వ్యాపారంలో ఇంకా సగం పోయినా ఆ ధర చవకే.

"చొక్కా కుట్టేటప్పుడు లోపల కాస్త గుడ్డ వదులుతాం కదరా. మనిషి లావైనా, మన కొలత తప్పినా పనికొస్తుంది. ఇందులో అంత గుడ్డ ఉంది," అంది.

తిండి డబ్బూ అద్దె డబ్బూ ముట్టుకోకుండా కొంది. షేరు ఇంకా పడింది.

"అక్కా, నీ జిప్పు ఊడింది!" అన్నాడు తమ్ముడు ఫోనులో.

"జిప్పు మారిందా, ధర మారిందా?"

"ధరే."

"అయితే ఫోను పెట్టేయ్. నాకు పనుంది."

ఫోను పెట్టాక సూది వేలికి గుచ్చుకుంది. రక్తం చప్పరించి మళ్ళీ కుట్టింది.

చాలా కాలం ఏమీ జరగలేదు. ఆమె కూడా ఏమీ చేయలేదు. చేతులు ఊరుకోని మనిషికి అంతకన్నా కష్టమైన పని లేదు.

ఆ తర్వాత ఆ కంపెనీ జిప్పుల కోసం గుడారాలు చేసేవాళ్ళు వచ్చారు, సూట్‌కేసులవాళ్ళు వచ్చారు. కంపెనీ లాభాలు తిరిగి లేచాయి. షేరు మెట్లెక్కింది, మెట్లు వదిలేసి గంతులేసింది. ఓనరు కూతురి చదువూ పూర్తయింది.

"ఇప్పుడమ్మకక్కా! ఇంకా పోతుంది!"

"తిట్టు."

తమ్ముడు ఫోనులో కంపెనీ లెక్కలు పైకీ కిందికీ జరిపాడు. "ఏం తిట్టాలో తెలియట్లేదు."

"ఇప్పుడు ఎవరికీ తెలియట్లేదు. అందుకే అమ్ముతున్నా."

గది ఆమె పేర రాసిన రోజు ఓనరు అడిగాడు. "ఇదంతా కుట్టే సంపాదించావా అమ్మా?"

"కొంత కుట్టి. కొంత విప్పి చూసి."

రిజిస్ట్రేషను ఆఫీసు మెట్ల మీద తమ్ముడు ఆమెని ఎత్తి గిర్రున తిప్పాడు. "దింపరా, జనం చూస్తున్నారు," అంటూనే పగలబడి నవ్వింది. ఆ సాయంత్రం వీధిలోని షాపులన్నిటికీ టీ చెప్పింది.

మర్నాడు ఉదయం షట్టరెత్తి, మిషను కవరైనా తీయకుండానే స్టూలెక్కి, గోడకి పెద్ద మేకు కొట్టింది. ఎవరినీ అడగలేదు.