పెళ్ళికూతురి ప్రశ్న

మా నాన్న ఊరూరా తిరిగి ఆడిన హాస్యనాటకాన్ని టీవీకి రాసే పని నాకొచ్చింది. ఆ నాటకానికి పెళ్ళిచూపులే ప్రాణం. పెళ్ళికొడుకు గొప్పలు చెప్పుకుంటుంటే, తలొంచుకుని కూర్చున్న పెళ్ళికూతురు చటుక్కున "మీకు వంటొచ్చా?" అని అడుగుతుంది.

ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్. హీరోయిన్‌ది వేరే రాష్ట్రం.

"సార్, ఆమెకు తెలుగు రాదు. డైలాగులందించే ప్రాంప్టర్ రాలే. జర మీరే చెప్పుండ్రి," అన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్.

కెమెరా పక్కన నిలబడి ప్రతి మాటా ముందు నేను అన్నాను, నా తర్వాత ఆమె అంది. ఆ ప్రశ్న నేను అనగానే యూనిట్ అంతా నవ్వింది. ఆమె అన్నప్పుడు ఎవరూ నవ్వలేదు. డబ్బింగ్‌లో నా గొంతు తీసేస్తారు కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. నా బుద్ధి తగలెయ్య!

ప్రసారమైన రోజు నాన్న పక్కనే కూర్చున్నాను. ఆ సీన్ వచ్చింది, వెళ్ళింది. ఆయన మొహంలో నవ్వు లేదు.

"అడిగేముందు ఆ పిల్ల పక్కకి చూసిందేంట్రా?" అన్నారు. "మా నాటకంలో ఎవరి మొహమూ చూడకుండా అడిగేసేది. అందుకేరా జనం విరగబడి నవ్వేవాళ్ళు. ఈ పిల్ల ఎవరో ఊఁ అంటేగానీ నోరు విప్పేట్టు లేదు."

ఆమె చూసింది నావైపే.