అడ్మిన్ పోలరాజు అనుమానం

గోల్‌మురి క్వార్టర్లో ఉండే క్రేన్ ఆపరేటర్ పోలరాజు, జంషెడ్‌పూర్‌లో అక్వేరియం చేపలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్. మూడొందల మందిలో ఆయన నమ్మేవాడు ఒక్కడూ లేడు. చేపలమ్మే దుకాణాలవాళ్లు దొంగచాటుగా దూరతారని ఆయన భయం. కొత్తగా ఎవరు చేరినా చిరునామా, తొట్టి ఫొటో పెట్టాల్సిందే. ఫొటో రాగానే కళ్లజోడు నుదుటి మీదకి తోసి, ఫోను ముక్కుకి ఆనించుకుని, ఇంటర్నెట్‌లోంచి ఎత్తిన బొమ్మ కాదు కదా అని గాజు మీద నీటి మరకలు వెతుకుతాడు.

సీతారాండేరాలో ఉండే ఈశ్వరి చిరునామా ఇచ్చి చేరి నెలైనా ఫొటో పెట్టలేదు, ఒక్క మాటా రాయలేదు. గట్టిగా అడిగితే ఆదివారం ఖాళీ తొట్టి ఫొటో పెట్టింది. "ఖాళీ తొట్టేటి? దుకాణం మనిషే!" అనుకుని పోలరాజు స్కూటరెక్కి వాళ్లింటికే వెళ్లాడు.

"చేపలేవమ్మా?" అని గుమ్మంలోనే నిలదీశాడు.

"అన్నీ చచ్చిపోనాయి బాబూ," అంది ఈశ్వరి. "వాటికి తెల్లమచ్చల రోగమొత్తే, మీరు గ్రూపులో రాసినట్టే లీటరుకి రెండు చెంచాల ఉప్పేసినాను. నేనే ఏటో తప్పు చేసీసుంటాను."

"లీటరుకని నేనెందుకు రాత్తాను? పది లీటర్లకి!" అంటూ ఫోనులో పాత మెసేజీలు వెతికాడు. లీటరుకి అనే ఉంది. ఆ మెసేజీ తను పెట్టిందే.

ఆవిడిచ్చిన మంచినీళ్లు తాగలేకపోయాడు. అక్కడే నిలబడి, "ఉప్పు కొలత తప్పు రాసింది నేనే, మాఫ్ కరో" అని గ్రూపులో పెట్టాడు. "కోయీ బాత్ నహీ భాయ్" అని, పర్లేదంటూ జవాబులు వచ్చిపడ్డాయి. పోలరాజు ఒక్కొక్క పేరు మీదా వేలు పెట్టి చూశాడు. వీళ్లలో ఎవరెవరి తొట్లు ఖాళీ అయ్యాయో, మొహమాటానికి ఎవరెవరు దాచారోనని అనుమానం పట్టుకుంది.