భిక్షపతి చెలకలో పోయిన బిళ్ళ

ఐలేశం తాతకు కోపం వచ్చినా మీసం అదురుతుంది, ఆకలేసినా అదే అదురుతుంది. అందుకే పొద్దున్నే ఆ మీసం కదిలితే ఇంట్లోవాళ్లు ముందు గటక గిన్నె పెట్టి చూస్తారు. తిన్నాక కూడా ఆగకపోతే అది కోపం. ఆ శనివారం గిన్నె ఖాళీ అయింది, మీసం మాత్రం ఆగలేదు.

వచ్చే వారం మనవరాలు త్రివేణి లగ్గం. భద్రమ్మ రానంటోంది.

"మీరందరు పోయి రాండ్రి. నేను గొర్ల కాడ ఉంట."

"సొంత మనుమరాలి లగ్గానికి గొర్లు అడ్డమొచ్చినయా?"

"గొర్లు కాదయ్యా. పాత చీరల పోతే పిల్ల చిన్నబోతది. కొత్తది నేను కట్ట. నీకెరుకే గద."

తాతకు ఎరుకే. ఎరుక కాబట్టే మీసం అదురుతోంది.

భద్రమ్మ ఆయనకు రెండో భార్య. మొదటామె బాలనర్సమ్మ పెళ్లయిన రెండేళ్లకే పాము కరిచి పోయింది. వాళ్ల ఇళ్లల్లో రెండో పెళ్లాం మెడలో పుస్తెలతో పాటు, పోయిన ఆమె పేరు మీద ఒక చిన్న వెండి బిళ్ళ కడతారు. దాని మీద ఆడమనిషి బొమ్మ ఒత్తి ఉంటుంది. ఇంట్లోకి కొత్త చీర వస్తే పసుపు కుంకుమ పెట్టి ముందు ఆ బిళ్ళకు చూపించాలి. "అక్కా, ముందు నువ్వు కట్టుకో" అని చెప్పాలి. ఆ తర్వాతే చిన్నామె ఒంటి మీదికి అది రావాలి. భద్రమ్మ బాలనర్సమ్మను ఎన్నడూ చూడలేదు. అయినా మొగుడి మీద చాడీలన్నీ నలభై ఏళ్లు ఆ బిళ్ళకే చెప్పుకుంది. "నువ్వు రెండేండ్లల్లనే తప్పించుకున్నవక్కా, నేను చిక్కిన" అని ఆమె అంటుంటే తాత విననట్టు బీడీ ముట్టించేవాడు.

ఆరేళ్ల కింద ఆ బిళ్ళ పోయింది. పోయింది భద్రమ్మ మెడలోంచే అయినా, పోగొట్టింది మాత్రం తానే అని తాతకు తెలుసు.

అప్పుడు వాళ్ల మంద షాద్‌నగర్ దగ్గర, వాళ్ల ఊరి పొలిమేరలోనే ఉన్న భిక్షపతి అనే రైతు చెలకలో దిగింది. ఎరువు కోసం రైతులు గొర్ల మందను తమ చేనులో పడుకోబెట్టించుకుంటారు. పొద్దుగూకే వేళ మంద చుట్టూ వల కడుతుంటే భద్రమ్మ మెడలో దారం వల ముడికి తట్టుకుని తెగింది. పుస్తెలు కొంగులో పడ్డాయి. బిళ్ళ ఎటు పడిందో తెలియలేదు. "పొద్దుగాల దేవులాడుదాం తీయ్" అన్నాడు తాత. తెల్లారేసరికి పక్క ఊరి రైతు తన చేనుకు మందను తోలుకురమ్మని మనిషిని పంపాడు. మాట ఇచ్చానని తాత గొర్లను లేపేశాడు. మంద లేచిన వెంటనే దున్నితే గానీ ఎరువు బలం భూమిలో నిలవదని భిక్షపతి అప్పటికే ట్రాక్టర్ తెచ్చి గట్టు మీద నిలబెట్టాడు. మధ్యాహ్నం మొగుడూ పెళ్లాం తిరిగి వచ్చి చూస్తే చెలకంతా తిరగేసి ఉంది.

భద్రమ్మ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని తాతకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆనాటి నుంచి బిడ్డలు పెట్టిన చీరలన్నీ సందుగలోనే ఉన్నాయి. కొత్త బిళ్ళ చేయిస్తానని తాత ఎన్నిసార్లు అన్నా ఆమెది ఒకటే జవాబు.

"అక్క ఆడ మట్టిల ఉండంగ, ఈడ ఇంకోటి చేయించి ఎవల్ని పిలుస్తవయ్యా?"

ఆ శనివారం తాత కండువా దులిపి భుజాన వేసుకుని రఘుపతి ఇంటికి నడిచాడు. ఆ నడక ఆయనకు ఎంత కష్టమో ఊరందరికీ తెలుసు. రఘుపతి బస్సు డిపోలో మెకానిక్ చేసి రిటైరైనవాడు. పాత పైసల పిచ్చితో భూమిలో లోహాన్ని కనిపెట్టే మిషన్ ఒకటి తెప్పించుకున్నాడు. పొడుగు కట్టెకు రొట్టెల పెనం కట్టినట్టుంటుంది అది. ఒకసారి దాన్ని పాటిగడ్డ మీదికి, అంటే వానలు పడితే కుండపెంకులు తేలే పాత ఊరి దిబ్బ మీదికి తీసుకుపోయాడు. తహసీల్దారు ఆఫీసువాళ్లు పిలిచి, అక్కడ తవ్వితే కేసవుతుందని గట్టిగా చెప్పి పంపారు. అప్పటి నుంచి చేను గలవాళ్లను అడిగే తిరుగుతాడు. రెండేళ్లలో అతనికి చార్మినార్ బొమ్మ ఉన్న పైసలు ఏడు, ఎడ్ల నాడాలు బస్తాడు దొరికాయి. "ఏం పటేలా, లంకెబిందెలు మోయనీకె మనుషులు కావాల్నా?" అని అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసింది తాతే.

"ఏంది మామా, నువ్వే వచ్చినవ్! బిందెలు మోస్తవా?" అన్నాడు రఘుపతి.

తాత నవ్వలేదు. అరుగు మీద కూర్చుని జరిగిందంతా చెప్పాడు. రఘుపతి కూడా నవ్వు ఆపి మిషన్‌కు సెల్లులు మార్చాడు.

భిక్షపతి చెలక ఇప్పుడు చెలక కాదు. ఎప్పుడో అమ్ముడుపోయి వెంచర్ అయింది. ఎటు చూసినా ప్లాటు నంబర్లు రాసిన తెల్ల రాళ్లు. వాచ్‌మన్ మంచివాడే, వెతుక్కోమన్నాడు. "గని రేపటి దాంకనే. సోమారం మొరం పోసి రోడ్లు తొక్కిస్తరు" అన్నాడు. గట్లు లేవు, తుమ్మలు లేవు. ఒక్క పరుపు బండ మాత్రం మిగిలింది. ఆనాడు వల మొదటి గుంజ దాని పక్కనే పాతారు. తాత బండ అంచున నిలబడి, అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయి, "ఈడికెళ్లి ఆడిదాంక" అని కర్రతో గీత గీశాడు.

రఘుపతి చెవులకు డిప్పలు పెట్టుకుని మిషన్ ఊపుతూ ముందు నడిచాడు. అది కూసిన చోటల్లా తాత మోకాళ్ల మీద కూలబడి కుర్పితో తవ్వాడు. సీసా మూత. గుట్కా పొట్లం. మేకు. మళ్లీ సీసా మూత. ఈ దేశంలో భూమి అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఎంత తాగుతారో ఆ రెండు రోజుల్లో తాతకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఆదివారం పగటికి మోకాళ్లు వంగడం మానేశాయి. వంగితే లేవడం మానేశాయి. అప్పుడు మిషన్ సన్నగా, తేటగా మోగింది.

"మామా, గిది ఇనుము కాదు! వెండి లెక్కనే కొడతాంది. జర మెల్లగ తవ్వు."

తాత కుర్పి పారేసి వేళ్లతో తోడాడు. జానెడు లోతులో తెల్లగా, గుండ్రంగా ఏదో తగిలింది. ఆయన దాన్ని వెంటనే బయటికి తీయలేదు. అరచేయి కప్పి కాసేపు అట్లాగే ఉన్నాడు. తర్వాత తీసి, ఉమ్మి అంటించి పంచెకు రుద్దాడు. అంచులు వంకులు తిరిగిన పాత పది పైసలు.

రఘుపతి ఆ పైసను అడగలేదు.

సద్ది మూట పట్టుకుని భద్రమ్మ వచ్చేసరికి తాత ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు. రెండు రోజులుగా ఎటు పోతున్నాడో ఆమెకు ఊళ్లోకొచ్చిన వాచ్‌మన్ చెప్పాడు.

"గిదేం పనయ్యా? నిన్న నువ్వు చెయ్యి సుత కడగకుంట పండుకున్నవ్."

"ఆనాడు గా మందను ఒక్క దినం ఆపేదుండె భద్రమ్మా. నేనే లేపిన" అన్నాడు తాత తల ఎత్తకుండా.

"నువ్వే లేపినవ్. నాకెరుక లేదా?"

"మరెందుకు అనకపోతివి?"

"అంటే దొరికేదా?"

ఆమె చుట్టూ చూసింది. తవ్వి పూడ్చిన గుంటలు, తెల్ల రాళ్లు, దూరంగా ఎదురుచూస్తున్న మొరం లారీలు. "రేపు గీ జాగంత కప్పుతరా?" అని రఘుపతిని అడిగింది. అవునన్నాడు. సద్ది మూట మొగుడి ముందు పెట్టి, "తినుండ్రి, వస్త" అని గబగబా వెనక్కి పోయింది.

గంటకు తిరిగొచ్చింది. చేతిలో త్రివేణి తల్లి పెట్టిన ఆకుపచ్చ చీర, కాగితంలో పసుపు కుంకుమ. తాత గీసిన గీత మధ్యకు పోయి, కొంగుతో మట్టి చదును చేసి, చీరను పరిచింది. దాని పక్కన నేల మీద పసుపు రాసి బొట్టు పెట్టింది.

"అక్కా, ఆరేండ్లాయె. కోపం జేయకు. రేపు నీ మీద మొరం పోస్తరంట, అందుకే ఉరికొచ్చిన. ముందు నువ్వు కట్టుకో." ముక్కు ఎగబీల్చింది. "మాకెవలికి లేకపాయె గని, షాద్‌నగర్ కాడ నీకు ప్లాటైతే అయింది."

రఘుపతి నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. తాత మీసం అదిరింది. ఆకలి కాదు, సద్ది తిన్నాడు. కోపం కూడా కాదు.

భద్రమ్మ చీరను మట్టి దులపకుండానే తీసి భుజాల చుట్టూ కప్పుకుంది.

"ఇంకో వరుస మిగిలింది" అన్నాడు తాత, కుర్పి కోసం చేయి చాపుతూ.

"ఉండనీ."

"రఘుపతీ, గా కొసకు ఒక్కపారి..."

"ఉండనీ అంటున్న గద. అక్క కట్టుకున్నది. పా, లగ్గం పనులున్నయ్."

తాత లేవబోయాడు. మోకాళ్లు రానన్నాయి. భద్రమ్మ ఒక రెక్క, రఘుపతి ఒక రెక్క పట్టి లేపారు.