మావయ్య వడ్డన

నేను డిగ్రీ చదువుతుండగా, 2013లో మా అక్కకు టీచరు ఉద్యోగం వచ్చింది. ఆ సంబరంలో చీపురుపల్లి నుంచి ఇంటిల్లిపాదీ విజయనగరం వెళ్లి, కొత్తగా పెట్టిన ఏసీ హోటల్లో బిరియానీ చెప్పాం. ఎంతసేపైనా మంచినీళ్లు కూడా రాలేదు. హాలంతటికీ సర్వరు ఒక్కడే. పిలిస్తే "వస్తన్నానండి" అని మాయమైపోయేవాడు.

మాతో వచ్చిన మావయ్య ఊళ్లో ఏ పెళ్లయినా వడ్డనకు ముందుండే మనిషి. ఇక ఉండబట్టలేక తువ్వాలు నడుముకు బిగించి, "ఇదేటి వడ్డనరా!" అంటూ వంటగదిలోకి దూరి, బిరియానీ గిన్నెతో ప్రత్యక్షమయ్యాడు. మేం ఆశగా ప్లేట్లు జరుపుకున్నాం. ఆయన మమ్మల్ని దాటిపోయి, పక్క బల్లలవాళ్లకు కొసరి కొసరి వడ్డించడం మొదలుపెట్టాడు!

ఓనరు పరుగున వచ్చి "ఎవరయ్యా నువ్వు?" అని గద్దించాడు.

"ముందు కూకోండి బాబూ. తిన్నాక మాటాడుకుందాం" అంటూ మావయ్య ఆయనకూ వడ్డించేశాడు.

మా దగ్గరకొచ్చేసరికి గిన్నె ఖాళీ.

"మా సంగతేటి మావా?" అంది అక్క, ఏడుపు మొహంతో.

"ఒసే, ఇంటోళ్లం మనం ఆఖర్న తినాల" అని, హాలు వైపు తిరిగి, "తిన్నోళ్లు మా పిల్లని దీవించి ఎల్లండి!" అని కేకేశాడు.

అందరూ చేతులు కడుక్కుని నిజంగానే వరసగా వచ్చారు, ఓనరుతో సహా. ఆకలితో నకనకలాడుతూ, నవ్వాపుకోలేక, అక్క అందరికీ దండాలు పెట్టింది. అప్పటికి వంటగదిలోనూ బిరియానీ అయిపోయింది.

తర్వాత ఎన్నో విందులు తిన్నాం. ఇంట్లో ఇప్పటికీ చెప్పుకునేది మాత్రం తినకుండా వచ్చిన ఆ విందు గురించే.