పది నట్లు, అయిదు నిమిషాలు

టైరక్కకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉందని ఆ వీధిలో అందరూ ఎప్పుడో మరిచిపోయారు. పంక్చరైన స్కూటరు తోసుకుంటూ వచ్చేవాడూ టైరక్కే అంటాడు, కొత్త కారు దిగకుండా కిటికీలోంచి కేకేసే పెద్దమనిషీ టైరక్కే అంటాడు. ఆ రెండోవాడికి మాత్రం ఆవిడ కాస్త ఆలస్యంగా పలుకుతుంది. నలభై ఆరేళ్ల పొట్టి మనిషి. మోచేతుల దాకా మసి. నోరు తెరిస్తే ఎదుటివాడికి సందివ్వదు. తండ్రి పోయాక టైర్ల షాపు చేతికొచ్చి పంతొమ్మిదేళ్లయింది. ఈ పంతొమ్మిదేళ్లలో ఆవిడ బిగించిన చక్రం ఒక్కటంటే ఒక్కటి దారిలో ఊడలేదు. ఆ మాట తనంతట తాను చెప్పుకోదు గానీ, ఇంకెవరైనా చెబితే వద్దనదు.

తండ్రి నేర్పిన పద్ధతి ఆ షాపులో ఇప్పటికీ పొల్లుపోకుండా నడుస్తుంది. చక్రం నట్లు రెండుసార్లు బిగించాలి. బండి జాకీ మీద ఉండగా అరవై దగ్గర ఒకసారి, నేల మీదికి దించాక నూట ఇరవై దగ్గర మరోసారి. దానికో కొలత రెంచి ఉంది. పిడి తిప్పి అంకె పెట్టుకుంటే, నట్టు అంత బిగువుకు రాగానే టక్కుమంటుంది. పనయ్యాక పిడిని మళ్లీ అడుగు అంకెకు తిప్పేయాలి. లేకపోతే లోపలి స్ప్రింగు నీరసపడి అబద్ధాలు చెప్పడం మొదలెడుతుంది. రెంచిని పొరపాటున కూడా నేల మీద పెట్టకూడదు, దాని పెట్టెలోనే పెట్టాలి. పెట్టెలోకి వెళ్లిందంటే పని పూర్తయినట్టు. అన్నిటికన్నా పెద్ద రూలు ఇంకొకటుంది. బిగించిన చెయ్యి మార్కు పెట్టకూడదు. రెండో మనిషి వచ్చి, ప్రతి నట్టునూ రెంచితో పట్టి చూసి, అప్పుడు పసుపు రంగుతో గీత గీయాలి.

ఆ రెండో మనిషి టైరక్క తమ్ముడు. పొద్దున, సాయంత్రం స్కూలు బస్సు నడుపుతాడు, మిగతా వేళల్లో షాపులో ఉంటాడు. ఆ బస్సు నలభై దాటదు. దాటబోతే ఇంజనే ఒప్పుకోదు, అలా బిగించి ఉంచారు. వెనక సీట్ల పిల్లలు "అంకుల్, ఆ సైకిలు మనల్ని దాటేస్తోంది" అని ఏడిపిస్తుంటే పళ్లికిలిస్తూ నడిపే మనిషి, రాత్రి కళ్లు మూసుకుంటే మాత్రం వేరే బండి తోలేవాడు. పదకొండేళ్ల కిందట ఎవరో గుద్ది నుజ్జు చేసుకున్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారును ఇనుము ధరకు తెచ్చి షాపు వెనక షెడ్డులో పెట్టాడు. అప్పుడు టైరక్క అన్న మాట, "ఒరేయ్, ఇది బండి కాదు, నీ నెత్తిన శని." అన్నది గానీ, దాని ఇరుసులు ఆవిడే శుభ్రం చేసింది.

ఆ కారు చేసినవాళ్లు గంటకు రెండొందల ఎనభై పోతుందని రాశారు. తమ్ముడికి కావలసింది ఆ అంకె. ఒక్కసారి, తన చేతుల మీద.

ఏడాదికొకసారి, విమానాలు దిగడం మానేసిన ఒక పాత రన్‌వే మీద ఆ ముచ్చట తీర్చుకోనిస్తారు. ఎవరి కారు వారు తెచ్చుకోవచ్చు. ఒకరి తర్వాత ఒకరు, మూడు కిలోమీటర్ల తిన్నని దారి, చివర వేగం కొలిచే యంత్రం. తలా రెండు పరుగులు. పేరు ఎక్కడానికే నాలుగేళ్లు పట్టింది.

పొద్దున మొదటి పరుగులో రెండొందల ముప్ఫై ఒకటి వచ్చింది. కారు దిగేసరికి తమ్ముడి మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఏమైందిరా?"

"రెండొందల ఇరవై దాటగానే వెనక భాగం వణికిందక్కా. టైర్లే. పాతవి కదా, వంకర పోయినట్టున్నాయి. కొత్తవి వేసేద్దాం."

"చాల్లేరా. రెండొందల ముప్ఫై తక్కువా? ఇంటికెళ్దాం పద."

"నీకు భయమేస్తోంది, అందుకని నేను మానుకోవాలా? పదకొండేళ్లు, అక్కా! పదకొండేళ్ల నుంచి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నావు వద్దు వద్దని!"

టైరక్కకు తిక్క రేగింది. "సరే పో. ఇక నోరెత్తితే నన్నడుగు" అని, నిజంగానే మూతి బిగించుకుని టైర్లు దించడం మొదలెట్టింది. కంచె అవతల నిలబడ్డ మరదలు, తమ్ముడి భార్య, ఇదంతా విని, వదిన దగ్గరికి వచ్చి మెల్లగా అంది. "మీ చెయ్యి పడుతుందనే పంపిస్తున్నాను వదినా. లేకపోతే ఆయన కాళ్ల మీద పడైనా ఆపేదాన్ని." ఆ మాట టైరక్క గుండెల మీద బరువుగా కూర్చుంది.

మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. వెనక చక్రాలు రెండూ మార్చింది. చక్రానికి అయిదు చొప్పున పది నట్లు, జాకీ మీద అరవై దగ్గర బిగించింది. బండి దించింది. పిడి నూట ఇరవైకి తిప్పబోతుండగా మైకు అరిచింది. ముందున్న రెండు కార్లు తప్పుకున్నాయట, వీళ్ల వంతు ముందుకొచ్చిందట, సహాయకులు వెంటనే వచ్చి సంతకం పెట్టాలట. రెంచి నేల మీద పెట్టడానికి ఆవిడకు చెయ్యి రాలేదు. పుట్టి బుద్ధెరిగాక పెట్టిన మనిషి కాదు. పెట్టెలో పెట్టి, మూత వేసి, తిరిగి వచ్చి చేద్దాంలే అని పరిగెత్తింది.

తమ్ముడు హెల్మెట్ చంకన పెట్టుకుని వచ్చాడు. రెంచి పెట్టెలో ఉంది. అంటే అక్క పని పూర్తి చేసింది. మామూలుగా అయితే తీసి పట్టి చూసేవాడు. మైకు మళ్లీ అరిచింది. అక్క బిగించాక మళ్లీ చూసేదేముంది అనుకుని, రంగు డబ్బా తీసి చకచకా పది గీతలు గీసేసి, కారెక్కాడు.

టైరక్క సంతకం పెట్టి వచ్చి చూస్తే పది నట్ల మీదా పసుపు గీతలున్నాయి. అంటే తమ్ముడు రెంచి తీసి, నూట ఇరవై దగ్గర బిగించి, పట్టి చూశాడన్నమాట. పొద్దుటి కోపం ఇంకా చల్లారలేదు, లేకపోతే బిగించిన చెయ్యే గీత గీయడమేంటని ఒక్క మాట అడిగి ఉండేది. అడగలేదు. నోరెత్తనని చెప్పింది కదా, ఎత్తలేదు.

బయల్దేరే గీత దగ్గర ఒక్క సహాయకుడినే ఉండనిస్తారు. రెంచి పెట్టె పట్టుకుని అక్కడ నిలబడింది. తమ్ముడి ముందు ఒక కారే ఉంది. అది గీత మీదికి వచ్చింది, గర్జించింది, పోయింది. ఎండలో చేతులు చెమటలు పట్టి, ఏం తోచక పెట్టె మూత తెరిచింది.

పిడి అరవై దగ్గర ఉంది.

పై ప్రాణాలు పైనే పోయాయి. పని పూర్తయిన రెంచి అడుగు అంకె దగ్గర ఉండాలి. నూట ఇరవై దగ్గరున్నా, తమ్ముడు తిప్పడం మరిచాడని సరిపెట్టుకోవచ్చు. అరవై అంటే ఆవిడ ఎక్కడ వదిలిందో అక్కడే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

ఇంతలోనే మనసు ఇంకో దారి వెతికింది. పక్క గుడారం వాళ్ల దగ్గర కరెంటు రెంచి ఉంది కదా, దాంతో బిగించాడేమో! ఇప్పుడు ఆపి, నట్లు శుభ్రంగా బిగిసి ఉంటే? ఏ మొహం పెట్టుకుని వాడి ముందు నిలబడాలి? పదకొండేళ్లు వద్దన్న అక్క చివరి నిమిషంలో తన పంతం నెగ్గించుకుందనుకుంటాడు. బతికినన్నాళ్లూ అనుకుంటాడు. తమ్ముడి కారు గీత మీదికి జరిగింది. బయల్దేరమని జెండా ఊపే మనిషి చెయ్యి పైకి లేపుతున్నాడు.

"ఆపండి! ఆపండయ్యా! ఆ బండి ఆపండి!"

తన గొంతు అంత పెద్దదని ఆవిడకే తెలియదు. పరుగెత్తుకెళ్లి జెండా మనిషి మోచెయ్యి పట్టేసుకుంది. ఎర్ర జెండా లేచింది. ఇంజను ఆగింది.

జెండా మనిషి నెరిసిన జుట్టుతో, గడియారం మెడలో వేలాడేసుకుని ఉన్నాడు. "పొద్దున చెప్పాం కదమ్మా. మీ బండి మీరే ఆపితే అయిదు నిమిషాలు. దాటితే వంతు పోయినట్టే. మళ్లీ వచ్చే ఏడాదే."

"నొక్కండి గడియారం" అంది టైరక్క, అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని.

కారులోంచి తమ్ముడు అరిచాడు. "ఏం చేస్తున్నావక్కా! నీకేమైనా పిచ్చా!"

రెంచి నూట ఇరవైకి తిప్పి ఎడమ చక్రం మొదటి నట్టుకు తగిలించింది. టక్కుమంటే తన పరువు పోతుంది. దేవుడా, టక్కుమననీ, పరువు పోతే పోనీ అనుకుంది. టక్కుమనలేదు. నట్టు మెత్తగా, పావు చుట్టు తిరిగిపోయింది. దాని మీది పసుపు గీత పక్కకు జరిగింది.

"చూశావా?" తల ఎత్తకుండానే అంది. "ఒక్కటీ బిగించలేదు నువ్వు."

"నేనా? నువ్వు బిగించావు కదా! రెంచి పెట్టెలో ఉంది!"

"గీతలు చూసి నువ్వు బిగించావనుకున్నాను!"

ఆవిడ రెంచి మళ్లీ తిప్పింది. టక్, మరొకటి, టక్. ఎడమ చక్రం అయింది. కుడి చక్రానికి పాక్కుంటూ వెళ్లింది. చెమట కళ్లలోకి దిగి మండుతోంది, కంచె అవతల మరదలు ఏదో అరుస్తోంది. టక్, టక్. లేచి నిలబడింది. జెండా మనిషి గడియారం చూసి చెప్పాడు. "ఇంకా రెండు నిమిషాల పది సెకన్లుంది."

తమ్ముడు ఇంజను మీట మీద చెయ్యి వేశాడు. "జరుగు అక్కా. వెళ్తాను."

"మార్కు?"

"ఏం మార్కు?"

"బిగించింది నేను. నువ్వు దిగి పట్టి చూడాలి."

తమ్ముడికి ఏడుపొక్కటే తక్కువ. "బెల్టులు విప్పితే మళ్లీ కట్టి, ఇక్కడి మనుషులు వచ్చి చూసేసరికి నాలుగు నిమిషాలు! పోతుందక్కా వంతు! నీ చెయ్యి పడింది, చాలు నాకు. పంతొమ్మిదేళ్లలో ఒక్కటి ఊడిందా?"

టైరక్క జెండా మనిషి వైపు చూసింది. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "మేం బండి ముట్టుకోకూడదమ్మా. నన్నడగొద్దు."

ఆవిడకు తమ్ముణ్ని వెళ్లమనాలని ఉంది. నిజంగా ఉంది. వాడు పదకొండేళ్లు ఆ షెడ్డులో బల్బు కింద ఒంగి కూర్చున్న వీపు కళ్ల ముందు మెదిలింది. సరే పోరా అని ఒక్క మాటంటే చాలు, వాడు జన్మంతా తలుచుకుంటాడు. తను బిగించింది కూడా. పదీ బిగించింది.

వంగి, కిటికీలో తల పెట్టింది. "నేను ఆపనురా. నా మాట కాదని వెళ్తే వెళ్లు, అడ్డు నిలబడను. కానీ ఇందాక నువ్వు నన్ను నమ్మావు, నేను నీ గీతను నమ్మాను. ఏం జరగబోయిందో చూశావు కదా. మళ్లీ అదే పని చేస్తావా?"

తమ్ముడు ముందున్న మూడు కిలోమీటర్ల దారిని చూశాడు. ఎంతసేపు చూశాడో ఆవిడకు తెలియలేదు. తర్వాత గుండెల మీది బెల్టు తాళం గట్టిగా కొట్టాడు. బెల్టులు ఊడిపోయాయి. దిగి, ఆవిడ మొహం చూడకుండా రెంచి లాక్కున్నాడు.

ఎడమ చక్రం, అయిదు నట్లు. అయిదూ టక్కుమన్నాయి. కుడి చక్రం, ఆరోది, ఏడోది. చూడటం పూర్తయినా ఇక వెళ్లే దారి లేదని ఇద్దరికీ తెలుసు, అయినా వాడు ఆగలేదు. ఎనిమిదోది పట్టాడు. టక్కుమనలేదు. తిరిగింది.

మళ్లీ పట్టాడు. మళ్లీ కొంచెం తిరిగి, అప్పుడు టక్కుమంది.

"నేను పదీ బిగించాను" అంది టైరక్క. "ఒట్టురా. పదీ బిగించాను."

"లేదక్కా. ఇది వదిలేశావు."

ఒక్క నట్టుకే చక్రం ఊడేదా అంటే, ఊడకపోయేదేమో. ఆ లెక్క ఆవిడకూ తెలుసు. కానీ తన చెయ్యి అబద్ధం చెప్పగలదని ఆవిడకు ఇంతవరకూ తెలియదు. కాలుతున్న ఆ నేల మీదే కూలబడింది. చిన్నప్పుడు కూడా ఎవరి ముందూ ఏడవని మనిషి, మసి చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నిన్ను పంపించేసేదాన్నిరా. ఇంకాస్తుంటే వెళ్లమనేదాన్ని."

"నేనూ వెళ్లిపోయేవాణ్ని" అన్నాడు తమ్ముడు. వాడి కళ్లూ తడిగానే ఉన్నాయి.

"టైమైపోయింది బాబూ" అన్నాడు జెండా మనిషి మెల్లగా. "బండి పక్కకు తీయాలి."

"ఇంకా రెండున్నాయండీ" అన్నాడు తమ్ముడు. తొమ్మిది, పది పట్టి చూశాడు. పాత గీతలను గోటితో గీకేశాడు. రంగు డబ్బా తెచ్చి, ఒక్కొక్క నట్టునూ తాకి, ఒక్కొక్క గీత గీశాడు. ఎవరూ వాణ్ని తొందరపెట్టలేదు. ఆ తర్వాత అక్కా తమ్ముడూ కారును వెనక నుంచి తోసుకుంటూ పక్కకు తీశారు. వాళ్ల వెనక ఇంకెవరిదో కారు గీత మీదికి వచ్చి, గర్జించి, పోయింది. దాని అంకె ఎంతో మైకులో చెప్పారు గానీ వాళ్లిద్దరూ వినలేదు.

సాయంత్రం సామాను సర్దుకుంటుంటే మరదలు నీళ్ల సీసా తెచ్చి వదిన చేతిలో పెట్టి, పక్కనే నిలబడింది. తమ్ముడు కారును వ్యానుకు కట్టి, ఎక్కబోతూ ఆగాడు.

"అక్కా, రెంచి పిడి కిందికి తిప్పావా?"

"తిప్పాను."

"చూపించు."

టైరక్క వాడి మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత పెట్టె ఒళ్లో పెట్టుకుని, మూత తెరిచి చూపించింది.