తీగ మీది తేనెపిట్ట గూడు

ఎనభైల చివర్లో ఒక వేసవి అంతా నేను సరిగ్గా నిద్రపోలేదు. ఆ ఏడు చలి ఇంకా తగ్గకముందే మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. మా ఆయన గూడ్సు గార్డు. డ్యూటీకి వెళితే ఎప్పుడు తిరిగొస్తారో ఆయనకే తెలిసేది కాదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మాది రెండు గదుల క్వార్టర్. అందులో ఆమెను లేపి కూర్చోబెట్టడం, ఒళ్ళు తుడవడం, తినిపించడం, పక్క మార్చడం అన్నీ నా పనే. రోజుకు రెండు మూడు దుప్పట్లు ఉతకాల్సి వచ్చేది.

వెనక వరండాలో బట్టలారేసుకునే తీగ ఉండేది. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున ఆ తీగ చివర, గోడ మేకు దగ్గర, ఏదో చెత్త వేలాడుతూ కనిపించింది. బూజు, ఎండు పీచు, కాగితం ముక్కలు. దులిపేద్దామని చీపురెత్తాను.

"ఆగు," అన్నారు అత్తగారు లోపల్నుంచి.

ఆమె మంచం కిటికీ పక్కనే. మాట ముద్దగా వచ్చేది. నాకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

"ఆగవే. పిట్ట గూడు కడతంది. నాలుగు రోజుల్నుంచి సూస్తన్నాను."

అది తేనెపిట్ట. బొటనవేలంత ఉంటుంది. వీపు మట్టి రంగు, పొట్ట పసుపు, కొంకి తిరిగిన ముక్కు.

"మరి దుప్పట్లెక్కడ ఆరేయను అత్తమ్మా?"

"ఎక్కడో ఆరేయి. ఏటి, ఊళ్ళో ఇంక తీగలే లేవా?"

ముందువైపు కంచె మీద ఆరేశాను. యార్డు నుంచి వచ్చే బొగ్గు నుసి వాటి మీద పడేది. ఆరిన దుప్పటినే మళ్ళీ జాడించాల్సి వచ్చేది. వారం రోజులు ఆ పిట్టనీ, ఆమెనీ మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో మేమిద్దరం నిమ్మళంగా కూర్చుని మాట్లాడుకున్నది తక్కువ. ఆమె వంట ఆమెదే, నా తప్పులు నావే. ఇప్పుడు ఆమె ఒళ్ళంతా నా చేతుల్లో ఉండేది. అది ఇద్దరికీ ఇబ్బందిగానే ఉండేది.

పెళ్ళికి మా అన్నయ్య ఒక కెమెరా ఇచ్చాడు. విశాఖలో ఓడల మీద పనిచేసేవాడు, ఏదో పరాయి దేశంలో కొన్నాడట. అది బీరువాలో పట్టుచీరల కింద పడి ఉండేది. ఆ వేసవిలో దాన్నెందుకు బయటికి తీశానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. పొద్దున లేచిన దగ్గర్నుంచి జబ్బు మనిషినే చూసి చూసి, కళ్ళకు ఇంకొకటేదైనా కావాలనిపించి ఉంటుంది.

"ఏటిది? ఫొటోలు తీస్తావా?" అన్నారు మా ఆయన డ్యూటీ దిగి వచ్చి. "అచ్ఛా, తియ్యి." మర్నాడు ముప్ఫై ఆరు బొమ్మల రీలొకటి తెచ్చి చేతిలో పెట్టి, పడుకున్నారు. దాన్ని నేనే కెమెరాలో వేశాను.

మూడడుగుల కన్నా దగ్గరికి వెళితే ఆ కెమెరాలో బొమ్మ అలుక్కుపోయేది. మూడడుగుల్లో నిలబడితే పిట్ట వచ్చేది కాదు. రెండు రోజులు చూసి, ఒక పాత దుప్పటికి కన్నం కోసి వరండాలో అడ్డంగా కట్టాను. దాని వెనక ముక్కాలి పీట వేసుకుని కూర్చునేదాన్ని. మధ్యాహ్నం మూడు దాటితే గానీ ఆ వరండాలోకి వెలుతురు వచ్చేది కాదు. అప్పటికి నా నడుము పట్టేసేది. కన్నంలోంచి చూస్తూ చూస్తూ ఎన్నిసార్లు కునుకు తీశానో.

"వచ్చి ఎల్లిపోనాది," అనేవారు అత్తగారు లోపల్నుంచి. "పడుకున్నావేటి?"

"లేదత్తమ్మా."

"పడుకున్నావులే."

తరవాత ఆమే ఒక ఉపాయం చెప్పారు. ఎడమ చేతికి చెంచా, స్టీలు గ్లాసు అందేలా పెట్టమన్నారు. పిట్ట వస్తే ఒక్కసారి మెల్లగా మోగించేవారు. నేను వంటింట్లో ఉన్నా, బట్టలు ఉతుకుతున్నా, తడిచేతులు చీరకు తుడుచుకుంటూ దుప్పటి వెనక్కి చేరేదాన్ని. యార్డులో వ్యాగన్ల చప్పుడు వింటూ పెరిగిన పిట్ట, చెంచా చప్పుడుకు బెదరలేదు. గూటి కన్నంలోంచి ముక్కు మాత్రం బయటపెట్టి గుడ్ల మీద కూర్చునేది. మగపిట్ట నల్లగా, ఎండ పడితే ఊదారంగులో మెరిసేది. పిల్లలు పుట్టాకే అది తిండి తేవడం చూశాను.

మూడు వారాల్లో రీలు అయిపోయింది. కెమెరా మీది అంకె ముప్ఫై ఆరు దాటి ముప్ఫై ఎనిమిది దాకా పోయింది. రెండు ఎక్కువ వచ్చాయని సంతోషించాను. పక్క క్వార్టర్ ఆవిడను అత్తగారి దగ్గర కూర్చోబెట్టి, తార్‌బహార్‌లో ఉన్న ఫొటో స్టూడియోకు నడిచి వెళ్ళాను. స్టూడియో ఆయన కెమెరా తీసుకుని చీకటి గదిలోకి వెళ్ళి వెంటనే వచ్చేశాడు.

"రీల్ చలీ హీ నహీ, బెహన్‌జీ," అన్నాడు.

రీలు అంచు లోపలి చక్రానికి పట్టుకోలేదట. అంకె తిరిగింది గానీ రీలు కదలలేదు. మూడు వారాల నుంచి నేను తీసినది ఒక్కటీ లేదు. అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. ఇంటికి వెళ్ళి మళ్ళీ పనిలో పడాలన్నదొక్కటే గుర్తొచ్చింది. ఆయన మంచినీళ్ళిచ్చి, అదే రీలు నా ముందే సరిగ్గా వేసి, మీట తిప్పినప్పుడు ఎడమవైపు పిడి కూడా తిరుగుతోందో లేదో చూసుకోమని చూపించాడు.

ఇంటికొచ్చి చెప్తే అత్తగారు కిటికీలోంచి గూడు వైపు చూశారు.

"పిల్లలింకా ఉన్నాయి," అన్నారు. "రేపో ఎల్లుండో ఎగిరిపోతాయి. తొందరగా తియ్యి."

"నా వల్ల కాదత్తమ్మా. ఓపిక లేదు."

"నాకు మాత్రం ఉందేటి?"

ఆ సాయంత్రం ఆరు తీశాను, మర్నాడు మధ్యాహ్నం ఇంకో అయిదు. ఆ తరవాతి పొద్దున రెండు పిల్లలూ ఒకదాని వెంట ఒకటి మునగచెట్టు మీదికి ఎగిరిపోయాయి. అత్తగారు గ్లాసు మోగిస్తూనే ఉన్నారట. నేను స్నానాల గదిలో ఉన్నాను, వినపడలేదు.

పదకొండింటిలో ఒక్కటే స్పష్టంగా వచ్చింది. ఆడపిట్ట ముక్కున సాలెపురుగు, గూటి కన్నంలో తెరుచుకున్న రెండు నోళ్ళు. మిగిలినవన్నీ అలుక్కుపోయాయి. అత్తగారు ఆ ఫొటోను ఎడమచేత్తో పట్టుకుని చాలాసేపు చూశారు.

"మగదేదీ?"

"అది వచ్చినప్పుడు మీ పక్క మారుస్తున్నాను."

ఆమె నవ్వారో, మూతి వంకరవల్ల అలా కనిపించిందో తెలియదు.

తరవాత ఆమె రెండేళ్ళు బతికారు. ఫొటోను తలగడ కింద పెట్టుకుని, చూడటానికొచ్చిన వాళ్ళందరికీ తీసి చూపించేవారు. తనెలా కాపలా కాసిందో, కోడలెలా కునుకు తీసిందో మొదట్నుంచీ చెప్పేవారు. వాళ్ళకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అందరూ నా ముఖం చూసేవారు. నేను చేతిలో పని ఆపి, ఆమె చెప్పినదంతా, నా కునుకుతో సహా, వాళ్ళకు విడమరిచి చెప్పేదాన్ని.